లంక ఊరి దూలాలు, మా అత్తయ్యగారి మంచం

ఏమండీ, మీ ఇంట్లో మంచం కింద ఏముందో ఒక్కసారి వంగి చూడండి. ఒక ఇనప్పెట్టె, గోనెసంచిలో చుట్టిన ఇత్తడి గంగాళం, పండక్కి తప్ప బయటికి రాని స్టీలు పళ్ళేలు, చలికాలం రగ్గులు, పిల్లల పాత పుస్తకాలు... వీటన్నిటి మీదా ఒక వేలు మందాన దుమ్ము. చీపురు లోపలికి పోదు, మనం వంగలేం. నేటి ఫ్లాట్లలో అటకలు లేవు, గాదెలు లేవు, దొడ్లో కొట్టుగది లేదు. సామాను మాత్రం ఏమీ తగ్గలేదు! అందుకే కింద సొరుగులు, పైన బల్ల ఉండే మంచం ఒకటి చేయించుకుంటే ఇంట్లో ఒక గది పెరిగినట్టే. అలాంటి మంచం కోసం మేం కోనసీమ దాకా వెళ్ళి కలప తెచ్చుకున్నాం. ఆ ప్రయాణమూ, ఆ మంచం కొలతలూ రెండూ మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మేముండేది రాజమండ్రిలో, రెండో అంతస్తులో. అంబాజీపేట దాటి లోపలికి వెళితే గోదారి ఒడ్డున మా అత్తవారి ఊరు. అక్కడి పాత మండువా ఇల్లు నలుగురన్నదమ్ముల పంపకాల్లో అమ్మకానికి వచ్చింది. స్థలం కొన్నవారు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారట. కలప, పెంకు, తలుపులు విడిగా పాత ఇళ్ళ సామాను కొనే వ్యాపారి బేరమాడుతున్నాడని కబురొచ్చింది. ఆ ఇంట్లో 60 ఏళ్ళు కాపరం చేసిన మా అత్తయ్యగారు ఇక మా దగ్గరికి రావాలి. ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. మా ఇంట్లో ఆవిడకు ఇవ్వగలిగింది 10 అడుగులకు 9 అడుగుల గది. ఆ గదిలో ఆవిడా పట్టాలి, ఆవిడ సామానూ పట్టాలి. వ్యాపారికి సామాను అప్పజెప్పేలోపు మా వాటాకి కాస్త కలప తెచ్చుకుందామని సంక్రాంతి వెళ్ళిన వారానికి బయల్దేరాం.

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం మీదుగా వెళితే కాటన్ దొరగారు కట్టించిన ఆనకట్ట చోటు కనబడుతుంది. ఆయన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. ధవళేశ్వరం దగ్గరే గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమికీ వశిష్ఠకీ నడుమ సముద్రం దాకా పరుచుకున్న ముక్కే కోనసీమ. కడియపులంక నర్సరీల పూలమొక్కలు రోడ్డుకి రెండువైపులా చూసుకుంటూ జొన్నాడ దాకా వెళ్ళి, అక్కడ వంతెన మీద గౌతమి దాటితే రావులపాలెం. అరటిగెలలు లారీలకెక్కించే సందడి చూసి తీరాలి. అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేట. అక్కడ ఎటు చూసినా కొబ్బరే... కాయలు, కురిడీలు, డొక్కలు, పీచు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా ముందుకు వెళ్ళకండి. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి, కొబ్బరి చట్నీతో తింటుంటే ఆ రుచే వేరు. లేత ఆకు కన్నా కాస్త ముదురాకు అయితే బుట్ట చిరగదని అక్కడి అమ్మ చెప్పింది.

ఇక మా అత్తవారి ఇల్లు. మండువా ఇళ్ళు చూడని వాళ్ళకోసం చెబుతున్నాను. ఇంటి నడిమధ్య పైకప్పు తెరిచి ఉంటుంది. నాలుగువైపుల పెంకు లోపలికి వాలి, వాననీళ్ళు మధ్యలోని గుంటలో పడి తూముగుండా బయటికి పోతాయి. చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. వీధివైపు నడుమెత్తు అరుగు. అంత ఎత్తు ఎందుకంటే వరదకోసం. 1986 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు ఆ అరుగూ దాటి నీళ్ళు ఇంట్లోకి వచ్చాయట. నీళ్ళు నిలిచిన గీత వంటింటి గోడ మీద ఇంకా మట్టిరంగులో ఉంది. ఆ తర్వాత 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చి కొబ్బరితోటలన్నీ పడుకున్నాయి. ఈ ఇంటి పెంకు సగం లేచిపోయింది గానీ దూలం ఒక్కటీ కదల్లేదు. 2022 జూలై వరదలకి కూడా వీధిలోకి నీళ్ళొచ్చాయి.

ఆ దూలాలు టేకువి. పై వాసాలు తాటివి. పూర్వం మన్యం నుంచి టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదారి మీద కిందికి దించేవారని, ఈ ప్రాంతం ఇళ్ళకి ఆ కలపే వచ్చేదని పెద్దవాళ్ళు చెబుతారు. అడవి ఎక్కడో, లంక ఊరెక్కడో! మధ్యలో బండి అక్కర్లేదు, నదే మోసుకొచ్చేది.

చావడి గదిలో భోషాణం ఉంది. ఈ కాలం పిల్లలకి తెలియదు గానీ, మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టామనుకుంటున్న సొరుగుల మంచానికి అమ్మమ్మ అదే. మనిషి పొడవు చెక్కపెట్టె. లోపల ఇత్తడి, వెండి, పట్టుబట్టలు, దస్తావేజులు. పైన మూత మీద పగలు కూర్చునేవారు, రాత్రి పరుపేసుకుని పడుకునేవారు. ఇంటి యజమాని పడుకున్నాక దొంగ మూత ఎత్తడం ఎలా? మంచమూ అదే, పెట్టే అదే, కాపలా కూడా అదే. మావగారు పోయినప్పటినుంచి దాని మీద అత్తయ్యగారే పడుకుంటున్నారు.

“అత్తయ్యగారూ, దీన్ని తీసుకెళ్ళాలని నాకూ ఉంది. కానీ మా మెట్లమలుపులో ఇది తిరగదండీ” అన్నాను.

“అయితే నేనూ తిరగనమ్మాయ్. మేడమీద ఎలకబోనులాంటి ఇంట్లో నన్నెక్కడ పెడతావు?” అని అటు తిరిగి పడుకున్నారు.

మా వారు మాట్లాడలేదు, మరుదులు మాట్లాడలేదు. ఆవిడ రానంటే ఎవరేం చేస్తారు? వచ్చే నెలలో ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ రాత్రి మాకెవరికీ నిద్ర లేదు.

మర్నాడు ఊరి వడ్రంగి మేస్త్రిని పిలిచి భోషాణం కదిలించి చూశాం. వరదనీళ్ళలో నానిన అడుగుపలకలు గుల్లబారి ఉన్నాయి. మూతకి వెనకవైపు చెద పట్టింది. పక్కపలకలు మాత్రం గట్టిగా ఉన్నాయి, వాటికి ఇత్తడి కడియాల్లాంటి పిడులున్నాయి. “ఈ పలకలు సొరుగులకి ముందు బిళ్ళలుగా వేసుకోవచ్చా?” అని అడిగాను. “ఆయ్! భేషుగ్గా వస్తాయండి. పిడులు కూడా అలాగే ఉంచేద్దాం” అన్నాడాయన. పక్కన అత్తయ్యగారు వింటున్నారు. ఒక్కటే అడిగారు: “తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“మీ దగ్గరేనండీ” అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం కలప ఎంచుతుంటే కుర్చీ వేయించుకుని ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

పాత కలప ఎంచుకోవడం ఎలాగో మేస్త్రి చెప్పింది మీకూ చెబుతాను. దూలం రెండు కొసలూ గోడలో ఉంటాయి కాబట్టి ముందు అక్కడే పుచ్చుతుంది. రెండువైపులా ఒక్కో అడుగు పోయినట్టే లెక్క వేసుకోండి. సుత్తితో కొట్టుకుంటూ పొతే గట్టి కలప కంగుమంటుంది, గుల్లబారింది బొత్తుగా పలుకుతుంది. పాత స్క్రూడ్రైవరు మొన గుచ్చి చూడండి, సులువుగా దిగితే వద్దు. తర్వాత అయస్కాంతం ముక్క ఒకటి దూలం మీద పొడవునా నడిపించండి. లోపల విరిగిన మేకులుంటే పట్టుకుంటుంది. మేకులున్న కలపని కోతమిల్లువాళ్ళు రంపం పళ్ళు పోతాయని ముట్టుకోరు. అన్నీ పీకించాకే బండెక్కించాలి.

పాత రంగులున్న తలుపులు, కిటికీల దగ్గర మరో జాగ్రత్త. వెనకటి రంగుల్లో సీసం ఉండేది. పొడిగా గీకితే ఆ దుమ్ము మనకీ పిల్లలకీ మంచిది కాదు. తడిపి, ఇంటి బయట, ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టుకుని గీకించండి. మంట పెట్టి రంగు లేపవద్దు. ఇంకొక మాట: టేకు ఒక ఊరినుంచి మరో ఊరికి తరలించేముందు అటవీశాఖ వారి దగ్గర అనుమతి సంగతి కనుక్కోవాలి. ఇల్లు పడగొట్టకముందు తీసిన ఫోటోలు, ఇంటి కాగితాల నకళ్ళు దగ్గరుంటే మేలు.

కలప లెక్క తెలుసుకుంటే మనల్ని ఎవరూ మోసం చెయ్యలేరు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపు అడుగులు వస్తాయి. మేం ఎంచిన దూలాలు 6 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం, కొసలు తీసేశాక 10 అడుగుల పొడవు. అంటే ఒక్కోటి 2 ఘనపు అడుగులకి కాస్త పైన. అలాంటివి 4 తీసుకున్నాం. మంచానికి కావలసిన కలప సుమారు 4 ఘనపు అడుగులు. కోతలోనూ చిత్రికలోనూ తరుగు కలిపి 5న్నర అనుకోండి. ఒక పాత ద్వారబంధం, భోషాణం పలకలు అదనం. మిగతాదంతా వ్యాపారికే వెళ్ళింది.

ఇక మంచం. ముందుగా ఎత్తు. మంచం ఎవరికోసమో వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలవండి. అత్తయ్యగారికి 17 అంగుళాలు వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నవారికి దానికన్నా కాస్త ఎత్తుంటే లేవడం తేలిక. మరీ ఎత్తయితే పాదాలు నేలకి ఆనవు. అందుకని పరుపుతో కలిపి 18 అంగుళాలు అనుకున్నాం. పరుపు 4 అంగుళాల కొబ్బరిపీచుది. మెత్తటి పరుపైతే కూరుకుపోయి లేవలేరు. 18లో 4 తీసేస్తే చెక్క ఎత్తు 14 అంగుళాలు.

రెండోది పరుపు కొలత. ముందు మంచం చేయించి తర్వాత పరుపు వెతికితే కొలత దొరకదు. బజార్లో సులువుగా దొరికే 75 అంగుళాల పొడవు, 48 అంగుళాల వెడల్పు కొలతకే మంచం గీయించాను. అత్తయ్యగారి పక్కన మా అమ్మాయి కూడా పడుకోవచ్చు.

మూడోది గది. మంచం పొడవు వైపు గోడకి ఉండాలి. 9 అడుగుల్లో మంచం 4 పోగా 5 అడుగులు మిగులుతుంది. సొరుగు బయటికి లాగితే 2 అడుగులు, మనిషి నిలబడి వంగడానికి ఒకటిన్నర. సరిపోయింది. మీ గదిలో ఆ జాగా లేకపోతే సొరుగులు పెట్టించకండి, మూతలు పెట్టించుకోండి.

ఈ లెక్కలయ్యాక నోటుబుక్కులో బొమ్మ గీశాను. 14 అంగుళాల్లో కింద 3 అంగుళాలు పీఠం, దానిమీద 10¼ అంగుళాల పక్కపలకలు, ఆ పైన ముప్పావు అంగుళం బల్ల. పీఠం అన్నివైపులా 2 అంగుళాలు లోపలికి ఉండాలి. అలా ఉంటే నిలబడి దుప్పటి మార్చేటప్పుడు కాలివేళ్ళు కొట్టుకోవు, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్ళు పలకకి తగలవు. పీఠం నేలకి మూసుకుని ఉంటుంది కాబట్టి కింద దుమ్ము చేరే చోటే లేదు. పీఠానికి ద్వారబంధం కలప వాడాం.

లోపల నిలువుగా మధ్యలో ఒక పొడుగు పలక వేసి మంచాన్ని ముందు సగం, వెనక సగం చేశాం. అడ్డంగా రెండు పలకలు. మొత్తం 6 అరలు. 75 అంగుళాల్లో నాలుగు నిలువు చెక్కల మందం 3 అంగుళాలు పోతే 72, దాన్ని మూడు చేస్తే అర ఒక్కోటి 24 అంగుళాలు. ముందువైపు మూడు అరలూ సొరుగులు. వెనక గోడవైపు మూడు అరలకీ పైన ఎత్తే మూతలు. రోజూ కావలసినవి సొరుగుల్లో, ఏడాదికి రెండుసార్లు కావలసిన గంగాళాలు, రగ్గులు వెనక అరల్లో. మూత ఎత్తాలంటే పరుపు మడవాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులవారికి కావలసినవేవీ అక్కడ పెట్టకూడదు. ఒక్కో మూతకీ వేలు దూరేలా అంగుళం వెడల్పు బెజ్జాలు రెండు పెట్టించండి. పట్టుకోవడానికి పనికొస్తాయి, లోపలికి గాలీ ఆడుతుంది.

అమలాపురంలో కోతమిల్లుకి వేసి దూలాల్ని అంగుళం మందాన పలకలు కోయించాం. చిత్రిక పట్టాక అది ముప్పావు అంగుళం అయింది. నల్లగా, పొగచూరి ఉన్న దూలంలోంచి తేనెరంగు పలక బయటపడితే, టేకు వాసన గుప్పుమంటే, అందరం పని మానేసి చూశాం. పాత కలపలో మరో లాభం, అది ఏనాడో ఆరిపోయింది. పచ్చికలపైతే మంచం చేశాక వంకరపోతుంది.

మా మేస్త్రి తలాపికి నెమళ్ళు చెక్కుతానన్నాడు. “వద్దు మేస్త్రిగారూ, తుడవలేం” అన్నాను. తలాపి లేకుండా గోడకే దిండు ఆనించుకునేలా చదునుగా చేయించాను. రెండో అంతస్తు ఎక్కాలి కాబట్టి పక్కపలకలు విడివిడిగా తయారుచేసి, మూలల్లో బోల్టులతో బిగించే ఏర్పాటు చేశాడు. పలకకీ పలకకీ జోడింపు మాత్రం కుసి తీసి, జిగురు పెట్టి బిగించినదే. మేకులు కొట్టినది నాలుగేళ్ళకి కిర్రుమంటుంది. అరల అడుగుకీ సొరుగు పెట్టెలకీ నీటికి తట్టుకునే రకం ప్లైవుడ్ వాడాం.

సొరుగులకి ఇనుప ఛానళ్ళు వేయించండి. చెక్కబద్దల మీద జారే సొరుగులు వానాకాలం ఉబ్బి కదలవు, పెద్దవాళ్ళు లాగలేరు. ఛానలుకి ఒక్కోవైపు అర అంగుళం చోటు కావాలి. అందుకని 24 అంగుళాల అరకి సొరుగు 23 అంగుళాలు ఉండాలి. ముందు బిళ్ళకి నాలుగువైపులా ఒక నూలు సందు వదలండి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆషాఢంలో ఆ సందు విలువ తెలుస్తుంది.

ఉప్పుకాగితం పట్టి, బెజ్జాలకి లప్పం పెట్టి, రెండు పూతలు వార్నిష్ వేశాం. కనబడే వైపే కాదు, అడుగునా లోపలా కూడా వేయించండి, చెమ్మ అక్కణ్ణుంచే ఎక్కుతుంది. తర్వాత పది రోజులు సొరుగులన్నీ తెరిచిపెట్టి కిటికీలు తీసి ఉంచాం. వాసన పూర్తిగా పోయాకే పరుపు వేశాం. మంచాన్ని గోడకి అంగుళం ఎడంగా పెట్టి, పీఠం మూలల కింద టైలు ముక్కలు ఉంచాం. బట్టల్లో కలరా ఉండలు మాత్రం వేయకండి. మనం రాత్రంతా పడుకునేది వాటి మీదే, ఆ ఆవిరి పీల్చకూడదు. బాగా ఎండిన వేపాకు, వసకొమ్ము గుడ్డలో మూటకట్టి పెడితే చాలు. మిగిలిన ముక్కలతో రెండు పీటలు, ఒక చపాతీపీట కూడా వచ్చాయి.

అత్తయ్యగారు ఫాల్గుణంలో వచ్చారు. ముందు మంచం మీద కూర్చోలేదు, నిలబడి పిడులు చూశారు. ఒక్కొక్క సొరుగూ లాగి మూసి, మధ్యదానికే భోషాణం తాళం వేయించమన్నారు. రెండు రోజులు ఎవర్నీ రానివ్వకుండా తన సామాను తనే సర్దుకున్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఊరెళ్ళిపోతానంటారు. అక్కడ ఇల్లు లేదని ఆవిడకీ తెలుసు. ఆ మాట వచ్చినప్పుడు మేం జవాబు చెప్పం. కానీ రాత్రి లేవాల్సి వస్తే ఎవర్నీ పిలవకుండా తనే పాదాలు నేలకి ఆనించి లేస్తున్నారు. ఆ 18 అంగుళాలూ అందుకే.

మీవైపు కూడా పాత ఇళ్ళు పడగొడుతూనే ఉంటారు. ఎవరైనా పడగొడుతున్నారని తెలిస్తే ఒక టేపు, ఒక అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవరు, ఒక నోటుబుక్కు సంచిలో వేసుకుని వెళ్ళండి. వ్యాపారి కన్నా ఒకరోజు ముందు వెళ్ళండి. వెళ్ళేముందు ఆ మంచం మీద పడుకోబోయే మనిషి మోకాలి ఎత్తు కొలిచి, నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. మిగతా కొలతలన్నీ దాని తర్వాతే.